రాస్ప్‌బెర్రీస్ మొదటి ఆల్బమ్: ఒక్క పాట కోసం ఏడు డాలర్లు పోశానా?

కొలంబస్_తెనాలి:

ప్రశ్న చిన్నదే, ముందుమాటే పెద్దది. కాస్త ఓపిక పట్టండి.

ఏటా ఈస్టర్ రోజుల్లో మా అమ్మాయిని క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనలో పాటల పోటీకి తీసుకెళ్తాను. కొలంబస్ నుంచి రెండు గంటల పైచిలుకు డ్రైవు. పిల్ల పాడేది పది నిమిషాలు, నేను కూర్చునేది ఐదు గంటలు. వెళ్లిన ప్రతిసారీ అదే పెరుగన్నం డబ్బా, అవే ప్లాస్టిక్ కుర్చీలు, పక్కావిడ నోట అదే "మీ పాప ఎవరి దగ్గర నేర్చుకుంటోందండీ". ఈసారి పిల్లని వాళ్ల స్నేహితురాలి అమ్మకి అప్పజెప్పి కాళ్లు సాగదీసుకుందామని బయటికొచ్చాను. నడవగా నడవగా ఒక పాత రికార్డుల షాపు కనబడింది.

మా ఇంట్లో రికార్డ్ ప్లేయరు మా ఆయన కోవిడ్ కాలపు పిచ్చి. ఆయన ఇళయరాజా ఎల్‌పీలు తప్ప వేరేవి ముట్టుకోడు. నాకు ఈ ఇంగ్లీషు పాటల గురించి పెద్దగా తెలీదు, కాలేజీలో హాస్టల్ మేటు పెట్టిన క్యాసెట్లు విన్నంత వరకే. ఊరికే పెట్టెల్లో వేళ్లు ఆడిస్తుంటే షాపాయన వచ్చి, "ఇక్కడి దాకా వచ్చారా, అయితే ఇక్కడి వాళ్లదే తీసుకెళ్లండి" అని ఒకటి చేతిలో పెట్టాడు. రాస్ప్‌బెర్రీస్ అనే క్లీవ్‌లాండ్ బ్యాండు మొదటి ఆల్బమ్, 1972. అట్ట మీద నలుగురు కుర్రాళ్లు, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి బయల్దేరినట్టున్నారు. ఏడు డాలర్లు. ఇచ్చేశాను.

ఇంటికొచ్చి వేశాను. మొదటి పాట 'గో ఆల్ ది వే' మొదలవగానే మా అబ్బాయి మేడ మీద నుంచి దిగొచ్చాడు. "అమ్మా, ఇది గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ సినిమాలో పాట, నీకెలా తెలుసు?" అని. వాడు నా పాటకి మెట్లు దిగి రావడం ఎప్పుడో ఐదో క్లాసులో ఆగిపోయింది. ఆ పాట వరుసగా మూడుసార్లు వేశాం.

తర్వాతే తంటా. రెండో పాట బానే ఉంది. మూడోది ఇంకా బాగుంది. నాలుగోది వినబోతే వేరే బ్యాండు రికార్డు ఏమైనా పొరపాటున ఇందులో పెట్టారా అనిపించింది. ఐదోది మరీ మెత్తన, ఏడుపు పాట. సైడు తిప్పితే అక్కడా ఇదే గందరగోళం. ఆఖర్న ఎనిమిది నిమిషాల పాట ఒకటుంది, అది సగంలో ఉండగానే నేను పప్పులో తిరగమోత పెట్టుకోడానికి లేచి వెళ్లిపోయాను.

అయినా, నిజం చెప్పొద్దూ, వారం నుంచి రోజూ వేస్తూనే ఉన్నాను. బాగాలేదు అంటూనే వేస్తున్నాను. ఇదేం జబ్బు? తెలిసినవాళ్లు చెప్పండి: ఈ ఆల్బమ్ మంచిదా కాదా? మొదటి పాట ఒక్కటేనా, లేక నేనే వినడం తప్పు విన్నానా? ఎనిమిది నిమిషాల దాన్ని పూర్తిగా వినాలా, క్షమించేయాలా?

ఇంకో మాట. అట్ట మీద కుడివైపు గుండ్రంగా జిగురు మరక ఉంది. అదేంటి?

నిద్రపట్టని_న్యూజెర్సీ:

మరక సంగతి నాకు తెలుసు, మిగతాది పెద్దవాళ్లు చెప్తారు. అప్పట్లో ఆ ఆల్బమ్ అట్ట మీద ఒక స్టిక్కర్ అంటించి అమ్మారు. గోటితో గీకితే రాస్ప్‌బెర్రీ పండు వాసన వచ్చేది. బ్యాండు పేరుకి తగ్గట్టు. ఆ స్టిక్కర్ ఊడిపోయిన చోటే అయ్యుంటుంది మీ మరక. వాసన సంగతి చెప్పక్కర్లేదు, యాభై ఏళ్లు దాటాయి. అయినా ఒకసారి గీకి చూడండి, మనవాళ్లం ఊరుకుంటామా.

అసలు మనకి రాస్ప్‌బెర్రీ వాసనంటే ఏంటి? చిన్నప్పుడు బడి ముందు అమ్మే గులాబీ రంగు పుల్లైసు వాసన. నిజం పండు తిన్నాక నాకు మోసపోయినట్టనిపించింది.

బెజవాడ_బేస్‌గిటార్:

అమ్మా, మీ ఏడు డాలర్లు ఎక్కడికీ పోలేదు. పైగా మీరు వినడంలో తప్పేం లేదు, ఆ ఆల్బమే అలా ఉంటుంది. కొంచెం పెద్దగా రాస్తాను, పని లేనివాణ్ణి.

1981 నుంచి పన్నెండు పదమూడేళ్లు బెజవాడలో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాను. దసరా పందిళ్లు, పెళ్లిళ్లు, కాలేజీ వార్షికోత్సవాలు. మా లీడ్ గిటార్ కుర్రాడు మద్రాసు వెళ్లొచ్చినప్పుడల్లా ఒక టేపు తెచ్చేవాడు, వాటి మీద పేర్లుండేవి కావు. అలాంటి ఒక టేపులో ఈ మొదటి పాట విన్నాను. ఎవరు పాడారో తెలీకుండానే ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. చివరికి డల్లాస్‌లో ఉన్న మా వాడు నేను కూనిరాగం తీస్తే విని కనిపెట్టాడు. అప్పట్నుంచి ఆ ఆల్బమ్ నా దగ్గరుంది. సీడీయే, మీలాగ ఎల్‌పీ కాదు.

ముందు ఆ మొదటి పాట సంగతి తేల్చుకుందాం. అది ఒక పాట కాదు, రెండు పాటల్ని ఒకదానికొకటి అతికించారు. మొదట్లో గిటార్ ఎలా వస్తుందో చూశారుగా, పక్క వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టు. ఇక గోలగోలగా సాగే పాట అనుకుంటాం. ఇరవై సెకన్లు కాగానే ఆ గోలంతా తలుపు మూసేసినట్టు ఆగిపోతుంది. వాళ్ల ముఖ్య గాయకుడు ఎరిక్ కార్మెన్ గొంతు అందుకుంటుంది, గుసగుసకి ఒక మెట్టు పైన, తేనె పూసినట్టు. మళ్లీ పల్లవి దగ్గర వెనక గొంతులన్నీ గోడ కట్టినట్టు లేస్తాయి. గోల వాయించేవాళ్లూ, లాలి పాడేవాళ్లూ ఒకే ఇంట్లో కాపురం పెడితే ఎలా ఉంటుందో అదీ ఆ పాట. మధ్యలో "కమాన్" అని ఒకడు పిలిస్తే మిగతావాళ్లు అందుకునే చోటుంది చూడండి. మన భజనలో ముందొకరు అంటే వెనక పదిమంది అన్నట్టే. ఆ చోట పందిట్లో చప్పట్లు రాకపోతే ఆర్కెస్ట్రా మూసుకోవచ్చు.

ఈ రకం పాటనే పవర్ పాప్ అంటారు. ఆ మాట 1967లో 'ది హూ' బ్యాండు పీట్ టౌన్‌షెండ్ నోట వచ్చింది, వాళ్లు తమ పాటల గురించే అన్నారు. వాయించడం గట్టిగా, పాట మాత్రం తియ్యగా, మూడు నిమిషాల్లో ముగింపు. చెప్పడం తేలిక. చేస్తే నూటికి తొంభైమందికి గట్టిదనమో తీపో ఒకటే వస్తుంది.

ఇంకోటి గమనించండి. ఆ పాటలో శబ్దమంతా ఒత్తి పెట్టినట్టుంటుంది. డ్రమ్ములు, గిటార్లు, గొంతులు అన్నీ ఒకే ఎత్తులో, సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు పెట్టినట్టు. దాన్ని కంప్రెషన్ అంటారు. పెద్ద స్పీకర్ల మీద కొంచెం ఊపిరాడనట్టుంటుంది గానీ, ఆ రోజుల్లో కారు రేడియోలో ఒక్క చిన్న స్పీకరు మీద వింటే డ్యాష్‌బోర్డు నుంచి బయటికి దూకుతుంది. వంట చేసుకుంటూ ఫోన్ స్పీకరు మీద పెట్టి చూడండి, ఇంకా బాగుంటుంది. ఎల్‌పీ వాళ్లు నన్ను తిట్టినా సరే.

1972 చివర్లో ఆ పాట అమెరికా హిట్ పాటల జాబితాలో ఐదో స్థానం దాకా ఎక్కింది. బీబీసీ మాత్రం సాహిత్యం మరీ శృంగారంగా ఉందని వెయ్యనంది. అందులో అడిగేది అబ్బాయి కాదు, అమ్మాయి. అదీ కిటుకు. మీ అమ్మాయి పోటీ పాటల మధ్య దీని అర్థం అడిగితే మాత్రం మాట దాటేయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆల్బమ్ ఎందుకలా గతుకుల రోడ్డులా ఉంది?

నాకు తోచింది చెప్తాను. వీళ్లు స్టూడియోలో పుట్టిన బ్యాండు కాదు. క్లీవ్‌లాండ్‌లోనే అంతకుముందు రెండు బ్యాండ్లుండేవి, 'ది కోయిర్' ఒకటి, 'సైరస్ ఎరీ' ఒకటి. వాటిల్లోంచి వచ్చినవాళ్లే వీళ్లు. ఏళ్ల తరబడి స్కూలు డ్యాన్సుల్లో, క్లబ్బుల్లో వాయించిన చేతులు. అలాంటి వాళ్లకి మొదటిసారి ఆల్బమ్ చేసే అవకాశం వస్తే ఏం చేస్తారు? మా ఆర్కెస్ట్రాకి మొదటిసారి టౌన్‌హాల్లో ప్రోగ్రాం ఇచ్చినప్పుడు మేం చేసిందే చేస్తారు. మాకొచ్చినవన్నీ దించేశాం. ఘంటసాల, డిస్కో, ఒక కవ్వాలీ. మూడున్నర గంటలు. మర్నాడు ఒక పెద్దాయన, "అన్నీ బాగున్నాయిరా, కానీ మీరెవరో అర్థం కాలేదు" అన్నాడు. రాస్ప్‌బెర్రీస్ మొదటి ఆల్బమ్ వింటే నాకు ఆ పెద్దాయనే గుర్తొస్తాడు.

పైగా పాటలు కట్టేవాళ్లూ, పాడేవాళ్లూ ముగ్గురు. కార్మెన్, వాలీ బ్రైసన్, డేవ్ స్మాలీ. డ్రమ్స్ మీద జిమ్ బొన్‌ఫాంటీ. బీటిల్స్‌లో ముగ్గురు పాడారు కాబట్టి మేమూ పాడతాం అనుకున్నట్టుంటుంది. మీరు వేరే బ్యాండు అనుకున్న నాలుగో పాట 'రాక్ అండ్ రోల్ మామా' స్మాలీది. నికార్సయిన బీరు పాట. దానంతట అది చెడ్డదేం కాదు, క్లబ్బులో పదిన్నరకి వాయిస్తే జనం లేస్తారు. కానీ దాని వెనకాలే 'వెయిటింగ్' అనే కార్మెన్ పియానో పాట పెట్టారు చూడండి, అక్కడే వచ్చింది చిక్కు. బజ్జీ ప్లేటులో పాలకోవా వడ్డించినట్టు. రెండో సైడులో 'గెట్ ఇట్ మూవింగ్' కూడా స్మాలీ తరహాదే. అది వచ్చినప్పుడు నేను కాఫీ కలుపుకుంటాను, దాచడమెందుకు.

మీకు నచ్చిన మూడోది 'ఐ సా ద లైట్'. జాగ్రత్త, అదే ఏడాది అదే పేరుతో టాడ్ రండ్‌గ్రెన్ పాట ఒకటి పెద్ద హిట్టయింది. నెట్‌లో వెతికితే ముందు అదే వస్తుంది. రెండూ మంచివే, కానీ సంబంధం లేదు.

రెండో సైడు మొదటి పాట 'డోంట్ వాంట్ టు సే గుడ్‌బై' మీరు మళ్లీ వినాలి, ఒక్కటే, వేరే పనేం చెయ్యకుండా. కంపెనీ వాళ్లు ముందుగా సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వదిలింది దాన్నే. పెద్దగా ఆడలేదు. నా లెక్కలో ఆ ఆల్బమ్‌లో రెండో గొప్ప పాట అది. మెల్లగా మొదలై, పల్లవికొచ్చేసరికి గొంతుల మీద గొంతులు పడి, చివరికి డ్రమ్ములు దొర్లుకుంటూ వస్తాయి. ఆడకపోవడం ఆ పాట తప్పు కాదు.

ఎనిమిది నిమిషాల 'ఐ కెన్ రిమెంబర్'. అమ్మా, తిరగమోతకి మీరు వెళ్లడం న్యాయమే. నేను పాతికేళ్లలో ఆరేడుసార్లకి మించి పూర్తిగా వినలేదు.

మిక్స్‌టేప్_మణికొండ:

సార్ పోస్టు మస్తుంది, కానీ నేనొప్పుకోను. మొదటి పాట వందకి వంద. నేను కూడా గార్డియన్స్‌తోనే మొదలుపెట్టిన. 2014లో ఆ సినిమా పాటల ఆల్బమ్, అన్నీ పాత పాటలే, అమెరికాలో నంబర్ వన్ అయింది. అందులో ఈ పాట లేకపోతే మా బ్యాచులో ఒక్కనికి కూడా రాస్ప్‌బెర్రీస్ పేరు తెల్వకపోవు. తర్వాత ఆల్బమ్ మొత్తం విన్న, రెండుసార్లు. మిగతా ఎనిమిది పాటల్లో నా ప్లేలిస్టులోకి వచ్చింది ఒక్కటే.

అక్కా, మీకు నిజంగ ఆ సౌండు నచ్చితే బిగ్ స్టార్ వినండి. అది కూడా 1972నే, అది కూడా మొదటి ఆల్బమే, పేరు 'నంబర్ వన్ రికార్డ్'. మెంఫిస్ బ్యాండు. అలెక్స్ చిల్టన్, క్రిస్ బెల్. వాళ్లక్కూడా బీటిల్స్ పిచ్చే, కానీ ఒక పాట పక్కన ఇంకో పాట పెడితే రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చినట్టుంటయి. పాపం, పంపిణీ సరిగ్గ లేక రికార్డు షాపులకే చేరలే. పేరేమో నంబర్ వన్ రికార్డ్! ఇప్పుడు బ్యాండు పెట్టిన ప్రతివాడూ వాళ్ల పేరు చెప్తడు. రాస్ప్‌బెర్రీస్ పేరెవరు చెప్తరు?

బెజవాడ_బేస్‌గిటార్:

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ చెప్తాడు బాబూ. అంత పెద్ద అమెరికన్ రాక్ గాయకుడు వాళ్ల వీరాభిమాని.

బిగ్ స్టార్ సంగతి నువ్వన్నది నిజమే, నేనూ కాదనను. ఆ రికార్డులో ఎత్తుపల్లాలు తక్కువ. కానీ నాకు బిగ్ స్టార్ వింటే నెత్తిన చెయ్యేసి కూర్చోవాలనిపిస్తుంది. రాస్ప్‌బెర్రీస్ వింటే లేచి బల్ల మీద దరువెయ్యాలనిపిస్తుంది, అది గెట్ ఇట్ మూవింగ్ అయినా సరే. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, లేవాలనిపించేది దొరికితే చాలు.

ఆ రోజుల్లో వీళ్లని చిన్నచూపు చూసింది కూడా ఆ అట్ట వల్లే. 1972 అంటే గడ్డాలు, మాసిన జీన్సు, పావుగంట గిటార్ సోలో. వీళ్లేమో ఒకే రకం సూట్లు, దువ్విన జుట్టు, మూడు నిమిషాల పాట, పైన పండు వాసన స్టిక్కరు. పెద్ద పాటల వాళ్లు "పిల్లకాయల సరుకు" అనుకున్నారు, పిల్లకాయలేమో ఒక్క పాట కొనుక్కుని ఊరుకున్నారు. అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో ఇది 51 దగ్గర ఆగిపోయింది.

పార్మా_గుడి_వెనక:

ఇక్కడ క్లీవ్‌లాండ్ పక్కనే పార్మాలో శివవిష్ణు ఆలయానికి ఐదు నిమిషాల దూరంలో ఉంటాను, పిల్లలకి వయొలిన్ చెప్తాను. ఆరాధనకి మీరు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉండుంటాను, బహుశా ఆ కుర్చీల్లోనే.

బేస్ గిటార్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. 'ఐ కెన్ రిమెంబర్'ని వదిలేయకండి. వదిలేస్తే కార్మెన్ అర్థం కాడు. ఆయన పాప్ కుర్రాడు కాకముందు శాస్త్రీయ సంగీతం పిల్లవాడు. మేనత్త క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) వాయించేది, ఆవిడ దగ్గరే వయొలిన్ మొదలుపెట్టాడు. మన ఇళ్లలో అత్తయ్య దగ్గర సరళీస్వరాలు నేర్చుకున్నట్టే. ఆ తర్వాత బీటిల్స్ వచ్చి చెడగొట్టారు.

ఈ రెండు చదువులూ ఆయనలో ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉన్నాయి. 'గో ఆల్ ది వే'లో కొట్లాట మూడు నిమిషాల్లో తెగింది కాబట్టి అది హిట్టు. 'ఐ కెన్ రిమెంబర్'లో ఎనిమిది నిమిషాలైనా తెగలేదు. మొదట పియానోతో నిదానంగా, ఎవరో మేడ మీద ఒంటరిగా కూర్చున్నట్టు ఉంటుంది. తర్వాత ఒక్కసారి వేగం అందుకుని వేరే పాటే అయిపోతుంది. ఆ మలుపు తిరిగే చోట ఒకటి రెండు సెకన్లు ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది, అది నాకెంతో ఇష్టం. మా పెద్దవాళ్లయితే రాగమాలిక అనేవాళ్లు.

మూడేళ్ల తర్వాత, బ్యాండు విడిపోయాక, ఇదే మనిషి 1975లో 'ఆల్ బై మైసెల్ఫ్' చేశాడు. సెలిన్ డియాన్ పాడింది మీరందరూ వినుంటారు. అందులో చరణం రష్యన్ స్వరకర్త రాక్‌మానినోఫ్ రెండో పియానో కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిపి పియానో వాయించే రచన), రెండో భాగం నుంచి తీసుకున్నదే. అది విన్నాక వెనక్కొచ్చి 'వెయిటింగ్', 'ఐ కెన్ రిమెంబర్' వినండి. ఆ పాటకి ఇక్కడ నారు పోసినట్టు తెలుస్తుంది. మొదటి ఆల్బమ్‌లో అతకని పాటలే చాలాసార్లు ఆ మనిషి తర్వాత ఎటు పోతాడో చెప్పేస్తాయి.

ఇంకో ముచ్చట. బ్యాండు 1975లో విడిపోయింది, మన త్యాగరాజ ఆరాధన ఇక్కడ మొదలైంది 1978లో. మూడేళ్ల తేడా, ఒకటే ఊరు. మళ్లీ 2004లో ఆ నలుగురూ ఇక్కడే డౌన్‌టౌన్‌లో హౌస్ ఆఫ్ బ్లూస్‌లో కలిసి వాయించారు. నేనప్పుడు ఊళ్లోనే ఉన్నాను, వెళ్లలేదు. పిల్లల అరంగేట్రం ఏదో ఉంది. కార్మెన్ 2024లో పోయారు. ఇంక ఆ అవకాశం లేదు.

బెజవాడ_బేస్‌గిటార్:

రాగమాలికకి చివర్లో ముక్తాయింపు ఉంటుందమ్మా. దీనికేది?

అయినా మీరన్నారు కాబట్టి ఇందాక మళ్లీ పెట్టాను. ఆ మలుపు దగ్గర ఆగడం నేనెప్పుడూ పట్టించుకోలేదు. బాగుంది. ఆరో నిమిషం దగ్గర మాత్రం మా ఆవిడ "అదే పాటా ఇంకా?" అంది. ఆవిడ మాట కూడా రికార్డులో పెట్టండి.

నిద్రపట్టని_న్యూజెర్సీ:

'విత్ యూ ఇన్ మై లైఫ్' గురించి ఎవరూ మాట్లాడరేంటి? బ్రైసన్ పాట. పాత నాటకాల కంపెనీ హార్మోనియం లెవెల్లో గెంతుకుంటూ పోతుంది. టోపీ, చేతికర్ర పెట్టుకుని డ్యాన్స్ చేసే టైపు. బీటిల్స్‌లో మెకార్ట్‌నీ అప్పుడప్పుడూ ఇలాంటివి చేసేవాడు, మా బామ్మకి నచ్చేవి. మా రెండేళ్లదానికి ఆల్బమ్ మొత్తంలో నచ్చేది అదొక్కటే. మొదటి పాట గిటార్‌కి ఏడుస్తుంది.

కొలంబస్_తెనాలి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. చెప్పినట్టే చేశాను, నివేదిక ఇదిగో.

శనివారం పొద్దున్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండో సైడు ముందు వేశాను. బాబాయిగారూ (అలా పిలవొచ్చుగా?), 'డోంట్ వాంట్ టు సే గుడ్‌బై' విషయంలో మీరే గెలిచారు. మొదటి వారం అది నాకు ఎందుకు ఆనలేదో తెలిసింది. సైడు తిప్పి ముల్లు పెట్టగానే నేను వంటింట్లోకి పోతున్నానన్నమాట. సైడు మొదటి పాట ఎప్పుడూ నా పోపు చప్పుడులోనే పోయింది. ఈసారి కుర్చీలో కూర్చుని విన్నాను. చివర్లో డ్రమ్ములు దొర్లుకుంటూ వచ్చే చోట చేతిలో కాఫీ చల్లారిపోయింది.

'గెట్ ఇట్ మూవింగ్' అప్పుడు మళ్లీ వేడి చేసుకొచ్చుకున్నాను. అందులో మీరూ నేనూ ఒకటే.

ఎనిమిది నిమిషాలది పూర్తిగా వినాలనే కూర్చున్నాను. నా కాపీలో దానికి గీత పడింది. వయొలిన్ టీచర్‌గారు చెప్పిన ఆ మలుపుకి సరిగ్గా కాస్త ముందు ముల్లు ఇరుక్కుని అదే ముక్క తిరగడం మొదలెట్టింది. నాలుగైదుసార్లు తిరిగాక గానీ నాకు తెలీలేదు, పాటే అంతేమో అనుకున్నాను. ముల్లు తల మీద పావలా బిళ్ల పెడితే దాటుతుందని మా ఆయన చెప్పాడు, ఇళయరాజా అనుభవం. ఇక్కడి క్వార్టర్ పెడితే మరీ బరువైంది, డైమ్ పెడితే సరిపోయింది. దాటింది. దాటాక ఆ వేగం అందుకోవడం ఉంది చూశారూ, ఇరుక్కుని బయటపడ్డందుకో ఏమో, నాకు మహా బాగుంది. గీత లేని కాపీలో ఇంత బాగుంటుందని అనుకోను.

మా అమ్మాయి వినమంటే ఫోన్లో విని, "రెండో పాట చివర్నా మూడో పాట మొదట్లోనా తేడా తెలీట్లేదు, కానీ మొదటి పాటలో హార్మనీ మూడు గొంతులా నాలుగా?" అని అడిగింది. నాకు తెలీదు. కాగితం పెట్టుకుని లెక్కపెడుతోంది. పోటీలో బహుమతి రాలేదు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అర్థం గురించి అడగలేదు, నేను చెప్పలేదు.

మణికొండ తమ్ముడూ, బిగ్ స్టార్ కూడా విన్నాను. చాలా బాగుంది. ఆదివారం మధ్యాహ్నాలకి దాచుకున్నాను. రోజూ వేసేది మాత్రం ఇదే, ఏం చెయ్యను.

మరకని గీకాను. మా ఆయన్ని పిలిచి వాసన చూడమన్నాను. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి, "తెనాలి గ్రంథాలయం" అన్నాడు.

ఇంకో చిన్న సందేహం. ఆ షాపులోనే వీళ్ల రెండో ఆల్బమ్ 'ఫ్రెష్' కూడా ఉంది, అదీ 1972దే, పన్నెండు డాలర్లు చెప్పాడు. అప్పుడు మరీ ఎక్కువ అని పెట్టేశాను. పార్మాలో ఉన్న టీచర్‌గారూ, అటువైపు వెళ్తే ఇంకా ఉందేమో కాస్త చూసి పెడతారా? ఆవకాయ పంపిస్తాను.

పార్మా_గుడి_వెనక:

బుధవారం చూస్తాను. ఆవకాయలో వెల్లుల్లి వేస్తారా, వెయ్యరా?